సర్కారు తుమ్మ ముల్లు, గజ్జల్లో బిళ్ల, చేతిలో సీబీపీ కాగితం

చెల్కలో పత్తి ఏరబోయిన మనిషి అరికాల్లో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. పిన్నీసుతో గెలికితే సగం ఊడొచ్చింది, సగం లోపలే విరిగింది. పొద్దుగూకే సరికి ఆ చోటు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతోంది. రాత్రంతా సలిపింది. మర్నాటికి చీము పట్టింది. మూడో రోజు గజ్జల్లో బిళ్ల కట్టి, చలి పెట్టి జ్వరం వచ్చింది. దవాఖానకు పోతే సీబీపీ, అంటే రక్తంలోని కణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్ష, రాశారు. తెల్ల కణాలు 14,000, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 82 శాతం, పక్కనే పైకి చూపే బాణం గుర్తు.

ఇందులో ముల్లు చేసింది చర్మం చీల్చడం, కొన్ని క్రిములను లోపలికి చేర్చడం. అంతే. ఎరుపు, వేడి, వాపు, సలుపు, చీము, బిళ్ల, జ్వరం అన్నీ ఒంట్లోని కణాలు ఒకదానికొకటి పంపుకున్న కబుర్ల వల్ల వచ్చినవే. ‘రోగనిరోధక శక్తి’ అనే మాటలోని శక్తి మనల్ని పక్కదారి పట్టిస్తుంది. బోరులో నీళ్లలాగా అది ఒకచోట ఉంటుందని, పొడులూ కషాయాలూ తాగితే మట్టం పెరుగుతుందని అనిపిస్తుంది. నిజానికి అడగాల్సింది వేరు: ఏ కణం మాట్లాడింది, ఎవరు విన్నారు, ఆ మాట ఎప్పుడు ఆగింది? కొన్ని జబ్బులు కబురు అందక వస్తాయి, ఇంకొన్ని కబురు ఆగక వస్తాయి. రెండో రకానికి ‘శక్తి పెంచడం’ అంటే అగ్నికి ఆజ్యం పోయడమే.

మొదటి గంటలు

చర్మం కింద రెండు రకాల కణాలు ఎప్పుడూ కాపలా కాస్తుంటాయి. ఒకటి మాస్ట్ కణం. దాని నిండా హిస్టమిన్ గుళికలుంటాయి. ముల్లు దిగిన నిమిషాల్లో అవి బయటపడతాయి. చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లో సందులు తెరుచుకుంటాయి. రక్తం ఎక్కువ చేరినందుకు ఎరుపూ వేడీ, నీరు బయటికి ఊరినందుకు వాపూ. ఇది ఒక్క చోట జరిగినంత కాలం మేలే. పడని మందు వల్లో, తేనెటీగ కుట్టడం వల్లో ఒళ్లంతా ఒకేసారి జరిగితే బీపీ పడిపోతుంది, గొంతు వాచి ఊపిరి అందదు. అప్పుడు సెట్రిజిన్ లాంటి మాత్రతో సరిపెట్టుకోకూడదు. అది హిస్టమిన్‌ను వినకుండా చేస్తుందే గానీ పడిన బీపీని లేపదు. పెద్దవాళ్లకు తొడ కండలో 0.5 మి.గ్రా. అడ్రినలిన్ ఇవ్వాలి, అదీ వెంటనే.

రెండోది మాక్రోఫేజ్, అంటే తినే కణం. క్రిముల గోడల మీద మన ఒంట్లో ఉండని కొన్ని పదార్థాలుంటాయి. మాక్రోఫేజ్ మీదున్న టోల్ రిసెప్టర్లు వాటిని పసిగడతాయి. పసిగట్టగానే దొరికిన క్రిమిని మింగుతూ, ఇంకోపక్క సైటోకైన్లు వదులుతుంది. సైటోకైన్లు చిన్న ప్రోటీన్లు. ఏ కణం మీద సరిపడే రిసెప్టర్ ఉంటే ఆ కణమే వింటుంది, మిగతావాటికి వినపడదు. ఎంత సన్నటి గొంతులో మాట్లాడతాయంటే, ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

ముల్లు దిగినచోట మాక్రోఫేజ్ ముఖ్యంగా నాలుగు కబుర్లు పంపుతుంది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 కలిసి దగ్గరి రక్తనాళం లోపలి గోడను జిగురుగా మారుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-8 ‘ఇటు రండి’ అని దారి చూపిస్తుంది. వాసన పట్టి చీమలు వచ్చినట్టు, అది ఎక్కువున్న వైపుకు న్యూట్రోఫిల్స్ నడుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం దాకా పోతుంది.

ఈ న్యూట్రోఫిల్స్ సంగతి కొంచెం నిలబడి చూడాలి. మన ఎముకల మూలుగ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. రక్తంలో ఒక్కోదాని ఆయుష్షు సుమారు ఒక రోజు. జిగురు గోడకు తగలగానే దొర్లుతూ నెమ్మదిస్తాయి, అతుక్కుంటాయి, రెండు కణాల సందులోంచి ఒళ్లు సన్నం చేసుకుని బయటికి జారతాయి. క్రిమిని మింగాక లోపల హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసి చంపుతాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేస్తే క్రిముల్ని చంపేదీ ఈ ఆమ్లమే. దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ది ఆకుపచ్చ రంగు. చీములో కనిపించే పచ్చదనం అక్కడిదే. మింగలేనంత గుంపు ఎదురైతే తమ డీఎన్ఏనే వలలా విసిరి చచ్చిపోతాయి. మనం ‘చీము’ అనేది చాలావరకు ఈ చచ్చిన న్యూట్రోఫిల్సే.

లోపల ముల్లు ముక్క ఉన్నంతకాలం కబుర్లు ఆగవు. కర్రను ఏ కణమూ అరిగించుకోలేదు. వారాలు గడిస్తే మాక్రోఫేజ్‌లు ఒకదాంతో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలై, ముక్క చుట్టూ గట్టి గడ్డ కడతాయి. అందుకే యాంటీబయాటిక్ వాడినన్ని రోజులు తగ్గినట్టుండి, ఆపగానే మళ్లీ చీము పడుతుంది. ముక్క తీయించుకోవాలి. పిసకడం వల్ల చీము పక్క పొరల్లోకి పోతుంది. షుగర్ అదుపులో లేనివారి సంగతి ఇంకా కష్టం: న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి, పాదం నరాలు దెబ్బతిని నొప్పీ తెలియదు. సలుపు లేదు కదా అని ఊరుకున్న పుండే వేలు తీసేదాకా తెస్తుంది.

ముల్లు, కణాలు అన్న రెండు మాటలు సైన్సులో మొదట కలిసింది 1882లో. ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చి వదిలేశాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. రక్తంలోని రసాయనాలే క్రిముల్ని చంపుతాయన్న వాదం పక్షాన ఇంకో శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ నిలబడ్డాడు. 1908 నోబెల్‌ను ఇద్దరికీ కలిపే ఇచ్చారు. ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు.

జ్వరం, బాణం గుర్తులు

టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌ను చేరతాయి. అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం పుట్టి, ఒంటి వేడి ఎంతుండాలన్న గీతను పైకి జరుపుతుంది. గీత 39 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంది, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది; అందుకే ‘చలి’ అనిపిస్తుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గించి గీతను కిందికి దించుతుంది. క్రిమితో దానికి సంబంధం లేదు. పిల్లలకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున, డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు ఎడం ఉంచి, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి.

కాలేయం ఇంటర్‌ల్యూకిన్-6 మాట విని సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. కబురు అందిన 6 నుంచి 8 గంటల్లో పెరగడం మొదలై, దాదాపు 48 గంటలకు శిఖరం చేరుతుంది. కబురు ఆగాక సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. ఈ లెక్క తెలిస్తే సీఆర్‌పీని ఎలా వాడాలో తెలుస్తుంది. జ్వరమొచ్చిన రెండు గంటలకే చేయించి ‘నార్మల్’ అని నిశ్చింతగా ఉండకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు మళ్లీ చేయిస్తే, మందు పనిచేస్తోందో లేదో చాలాసార్లు చెప్పేస్తుంది. ఇలాంటిదే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ అంత చురుకు కాదు, తగ్గడానికి వారాలు పడుతుంది.

ఇప్పుడు సీబీపీ కాగితం. మామూలుగా తెల్ల కణాలు ఘన మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000. వాటిలో న్యూట్రోఫిల్స్ 40–70 శాతం, లింఫోసైట్స్ 20–40, మోనోసైట్స్ 2–8, ఇయోసినోఫిల్స్ 1–6, బేసోఫిల్స్ ఒక శాతం లోపు. కాగితం చూసి ఎక్కువమంది పొరబడేది శాతాల దగ్గరే. మన ముల్లు మనిషికి లింఫోసైట్స్ 14 శాతమని రాసి, కిందికి చూపే బాణం వేశారనుకుందాం. 14,000లో 14 శాతం అంటే 1,960. 1,000 నుంచి 4,000 దాకా ఉండొచ్చు కాబట్టి అవి తగ్గనే లేదు, న్యూట్రోఫిల్స్ పెరిగినందుకు వాటి వాటా చిన్నదిగా కనపడింది. న్యూట్రోఫిల్స్ మాత్రం 11,480. 7,000 దాటాయి కాబట్టి నిజంగానే పెరిగాయి. ప్రతి శాతాన్నీ మొత్తంతో హెచ్చించి చూడకుండా ఒక్క బాణాన్నీ నమ్మకూడదు.

ఇంకో మెలిక ఉంది. ఊళ్లో ఒంటి నొప్పులకు వేసే సూదిలో చాలాసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ సైటోకైన్ల తయారీనే అణచేస్తుంది, కాబట్టి ఆ పూట హాయిగా ఉంటుంది. అదే సమయంలో రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి రక్తంలోకి వస్తాయి. కొద్ది గంటల్లోనే తెల్ల కణాల అంకె ఎగబాకుతుంది, ఇయోసినోఫిల్స్, లింఫోసైట్స్ పడిపోతాయి. ఆ విషయం చెప్పకుండా సీబీపీ చేయిస్తే లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు కనపడుతుంది, ఉన్న ఇన్‌ఫెక్షన్ జ్వరం లేక దాక్కుంటుంది. ఏ సూది వేశారో ఆ సీసా పేరు రాయించుకుని డాక్టరుకు చూపించాలి.

ఇయోసినోఫిల్స్ 500 దాటితే అలర్జీనో నులిపురుగులో ఫైలేరియానో వెతుకుతారు. పెద్ద పురుగును ఏ కణమూ మింగలేదు. ఇంటర్‌ల్యూకిన్-5 పిలుపు మీద ఇయోసినోఫిల్స్ వచ్చి దాని ఒంటి మీద విషపు గుళికలు కుమ్మరిస్తాయి. నల్లగొండ వైపు బోదకాలు కొత్త మాట కాదు. సామూహికంగా మింగించే డీఈసీ మాత్రలు వేసుకున్నాక కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. అది చూసి మిగతా వాడంతా మాత్రలు పారేస్తారు. ఆ జ్వరం చాలావరకు మందు వల్ల వచ్చింది కాదు. రక్తంలో తిరుగుతున్న ఫైలేరియా పిల్లలు ఒక్కసారిగా చచ్చి, వాటి ముక్కల్ని చూసి మాక్రోఫేజ్‌లు కబుర్లు పంపడం వల్ల వచ్చింది. అంటే సాధారణంగా ఆ మనిషి ఒంట్లో పురుగు ఉన్నట్టే, మాత్ర అతనికే ఎక్కువ అవసరం. ఈ డీఈసీ మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిన మందు.

బిళ్ల లోపల

గజ్జల్లో బిళ్ల అంటే వాచిన లింఫ్ గ్రంథి. పాదం నుంచి డెండ్రిటిక్ కణాలు క్రిమి ముక్కలు మోసుకుని, లింఫ్ నాళాల వెంట ఒకటి రెండు రోజుల్లో అక్కడికి చేరతాయి. గ్రంథి నిండా టీ కణాలనే లింఫోసైట్స్ ఉంటాయి. ఒక్కో టీ కణం ఒక్కో ముక్కనే గుర్తుపట్టగలదు. తనకు సరిపడే ముక్క వచ్చేదాకా అలా చూస్తూనే ఉంటుంది. ముక్క సరిపోయినంత మాత్రాన కదలదు. ‘ఇది ప్రమాదం జరిగిన చోటునుంచే తెచ్చాను’ అన్న రెండో గుర్తు కూడా డెండ్రిటిక్ కణం చూపించాలి. ఒక్కటే ఉంటే టీ కణం స్తంభించిపోతుంది. ఈ రెండు తాళాల పద్ధతి లేకపోతే తిన్న అన్నం మీదా సొంత చర్మం మీదా యుద్ధం మొదలవుతుంది.

రెండూ సరిపోతే ఆ ఒక్క కణం చీలుతూ చీలుతూ వేలకు వేలవుతుంది. బిళ్ల వాచేది ఈ సందడికే. హెల్పర్ టీ కణాలు ఎవరితో మాట్లాడాలో, డెండ్రిటిక్ కణం చెప్పిన సైటోకైన్‌ను బట్టి తేలుతుంది. ఇంటర్‌ఫెరాన్-గామా వదిలే రకం మాక్రోఫేజ్‌లను రెచ్చగొడుతుంది. టీబీ క్రిమి మాక్రోఫేజ్ కడుపులోనే బతకగలదు కాబట్టి దాన్ని కట్టడిచేయడానికి ఈ కబురు తప్పనిసరి. హెచ్ఐవీ చంపేది ఈ హెల్పర్ కణాలనే. వాటి లెక్క చెప్పే సీడీ4 అంకె 200 కంటే పడితే టీబీ, ఫంగస్ లాంటివి తలెత్తుతాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 5 వదిలే రకం పురుగుల మీదికీ, దారి తప్పితే ఉబ్బసం వైపుకీ పోతుంది. ఇంటర్‌ల్యూకిన్-17 వదిలేవి న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి. కిల్లర్ టీ కణాలు వైరస్ పట్టిన కణానికి రంధ్రం చేసి చంపుతాయి. ఆ కణం తన గుర్తింపు పలకను దాచేస్తే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు పట్టుకుంటాయి.

బీ కణాలకు టీ కణం నుంచి మాట అందితే ప్లాస్మా కణాలై యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒక్కో ప్లాస్మా కణం సెకనుకు వేలల్లో వదులుతుంది. మొదట ఐజీఎమ్ అనే రకం యాంటీబాడీ, తర్వాత వారాలకు మరింత పదునైన ఐజీజీ. ఇదంతా జరగడానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఈ ఆలస్యమే చాలా చికిత్సల లెక్కను నిర్ణయిస్తుంది.

కుక్క కాటు తీసుకోండి. రక్తం వచ్చేలా కరిచింది. ముందు సబ్బు నీళ్లతో 15 నిమిషాలు ధార కింద కడగాలి. రేబిస్ టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రెండేసి చోట్ల 0.1 మి.లీ. చొప్పున ఇస్తారు. అది మన బీ కణాలకు పాఠం; పాఠం వంటబట్టేసరికి వారం పది రోజులు. ఈలోగా వైరస్ నరంలోకి ఎక్కకుండా, తయారుగా ఉన్న యాంటీబాడీలను గాయంలోనే ఎక్కిస్తారు: మనుషులనుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు, గుర్రంనుంచి తీసినదైతే 40. టీకా మొదలై ఏడు రోజులు దాటితే ఇవ్వరు, అప్పటికి సొంత యాంటీబాడీలు వస్తుంటాయి. ఇంతకుముందు పూర్తి కోర్సు చేసుకున్నవారికి 0, 3 రోజుల డోసులు చాలు. పాత పాఠాన్ని గుర్తుంచుకున్న వాళ్ల మెమరీ కణాలు రోజుల్లోనే లేస్తాయి.

పాము కాటు సూదీ ఇలాంటి అరువు యాంటీబాడీయే. నల్లమల అంచు అమ్రాబాద్‌లోనైనా, దేవరకొండ చెల్కల్లోనైనా ఇచ్చేది గుర్రం బీ కణాలు తయారుచేసినదే. అది విషాన్ని పడుతుంది గానీ మనకు ఏమీ నేర్పదు, రెండోసారి కరిస్తే మళ్లీ మొదటినుంచి ఇవ్వాల్సిందే. గుర్రపు ప్రోటీన్‌ను మన ఒళ్లు పరాయిదిగా చూస్తుంది కాబట్టి పక్కన అడ్రినలిన్ నింపి పెట్టుకునే మొదలుపెడతారు. ధనుర్వాతం ఇంకా విచిత్రం: మనిషిని చంపగలిగే విషం మోతాదు, బీ కణాలను లేపే మోతాదు కంటే తక్కువ. అందుకే జబ్బు వచ్చి బతికినవారికి కూడా టీకా వేయాలి.

బర్రె ఈనగానే దూడకు జున్నుపాలు పట్టాలనడం వెనకా ఇదే లెక్క. బర్రె మాయలోంచి యాంటీబాడీలు దూడకు అందవు. దూడ పేగు వాటిని నేరుగా రక్తంలోకి పీల్చుకునేది మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి ఆరు గంటల్లో బాగా. మనుషుల్లో తల్లి ఐజీజీ కడుపులో ఉన్నప్పుడే బిడ్డకు చేరుతుంది. ముర్రుపాలలోని ఐజీఏ పేగు గోడకు కాపలా కాస్తుంది. ముర్రుపాలు పిండి పారబోయడం ఆ కాపలాను తీసేయడమే.

కబురు ఆగకపోతే

వైరస్ పట్టిన కణం తాను చచ్చేలోగా చుట్టూ ఉన్నవాటికి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పంపుతుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. వానాకాలం జ్వరాల్లో ఒళ్లంతా విరిచేసినట్టు ఉండటంలో దీని పాత్ర చాలా ఉంది.

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే వేళ వస్తుంది, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. అప్పటికి వైరస్ తగ్గుముఖం పడుతుంది, సైటోకైన్ల హోరు మాత్రం రక్తనాళాల సందులు తెరిచేస్తుంది, రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. డెంగీ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోయాక ఇంకో రకం వస్తే, పాత యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకోలేక, దాన్ని మాక్రోఫేజ్ లాంటి కణాల్లోకి మోసుకెళ్లగలవు. రెండోసారి ముదరడానికి అదొక కారణం. ఇంట్లో అందరూ ప్లేట్‌లెట్ల అంకె చుట్టే తిరుగుతారు. దాని పక్కనే ఉండే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా), కొన్ని కాగితాల్లో పీసీవీ, అంతకంటే ముందు చెబుతుంది. 40 ఉన్నది 48 అయితే 20 శాతం పెరిగినట్టు, అంటే నీరు కారుతున్నట్టు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడటం కనిపిస్తే జ్వరం లేదు కదా అని ఇంట్లో ఉంచకూడదు. రక్తస్రావం లేకుండా అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించినంత మాత్రాన కారేది ఆగదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సూదులూ మాత్రలూ ఈ రోజుల్లో వద్దు.

అన్ని కబుర్లూ సద్దుమణగాలంటే ఆపమని చెప్పేవాళ్లూ ఉండాలి. రెగ్యులేటరీ టీ కణాల పని అదే. ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా వాటి మాటలు. ఈ అదుపును తేల్చినందుకే 2025 నోబెల్ బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచి అనే శాస్త్రవేత్తలకు దక్కింది. ఆ అదుపు తప్పినప్పుడు సొంత కీళ్ల మీదికే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 మళ్లితే రుమటాయిడ్ కీళ్లవాతం. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లు పట్టేస్తే ‘ఫ్లోరైడ్ నీళ్లే’ అనుకోవడం సహజం, ఆ నీళ్లు చేసిన నష్టం అలాంటిది. కానీ ఫ్లోరైడ్ ముఖ్యంగా వెన్నునూ స్నాయువులనూ గట్టిపరుస్తుంది. వేళ్లు అరచేతిని కలిసేచోటి కణుపులు, మణికట్లు రెండు వైపులా వాచి, పొద్దున లేచాక గంటకు పైగా బిగుసుకుని ఉంటే, సీఆర్‌పీ పెరిగి ఉంటే అది నీటి సంగతి కాదు, దానికి మందుంది. ఏళ్లు ఆగితే కీలు అరిగిపోతుంది.

ఆ మందు తరచుగా మెథోట్రెక్సేట్. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన సుబ్బారావు బృందమే 1940లలో దీన్నీ తయారుచేసింది. తక్కువ మోతాదులో ఇది అడినోసిన్ అనే శాంతపరిచే సంకేతాన్ని పెంచుతుంది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, సాధారణంగా 7.5 నుంచి 25 మి.గ్రా. మధ్య. మిగతా మాత్రల్లాగే రోజూ వేసుకుంటే మూలుగ పని ఆగిపోతుంది: వారం పది రోజుల్లో నోటి నిండా పుండ్లు, జ్వరం, తెల్ల కణాలు 2,000 కంటే కిందికి. రోజుకు 10,000 కోట్ల కణాలు పుట్టాల్సిన చోట పుట్టుక ఆగితే తేలేది ముందు న్యూట్రోఫిల్స్ దగ్గరే. అందుకే మాత్రల పట్టీ మీద ‘ఆదివారం’ అని తెలుగులో పెద్దగా రాయించుకోవాలి, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ పట్టీ మీద ఇంకో రోజు పేరు. మొదట్లో 2 నుంచి 4 వారాలకోసారి, కుదురుకున్నాక 8 నుంచి 12 వారాలకోసారి కాలేయం పరీక్షతోపాటు సీబీపీ చేయించాలి. ఆ కాగితంలో ముందు చూడాల్సింది తెల్ల కణాల మొత్తం, దాన్ని న్యూట్రోఫిల్స్ శాతంతో హెచ్చిస్తే వచ్చే అంకె. అది 1,500 కంటే తగ్గితే ఆ ఆదివారం మాత్ర వేసుకోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.